గోడ వెనక మనిషి

ఊళ్లలో గోడల మీద నీళ్ల గురించి, కరువు గురించి బొమ్మలు వేసే పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తారు. ఏ రంగు ఎన్నాళ్లు నిలుస్తుంది, నిచ్చెన మీద చెయ్యి వణక్కుండా గీత ఎట్లా లాగాలి అని అడుగుతారు. చెప్తాను. అదంతా చెప్పడానికి ఒక పూట చాలు. వాళ్లు అడగనిది ఒకటుంది, అది భయం. నేను ఈ పని చేసిన ఏళ్లలో ఎక్కువ రోజులు భయంతోనే చేశాను. భయం లేకుండా వేసిన బొమ్మలు కూడా చాలానే ఉన్నాయి. అవి ఎవరికైనా పనికొచ్చాయని మాత్రం చెప్పలేను.

దారం, గళ్లు

నేను ఎనిమిదో తరగతితో చదువు ఆపేసినవాణ్ణి. కోయిలకుంట్లలో అంగళ్లకు బోర్డులు రాసేవాణ్ణి. బొమ్మలు గీయడం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. నా చేతిలో కళ ఉందని ఇప్పటికీ అనుకోను. నాకు వచ్చింది లెక్క ఒక్కటే. కాగితం మీద చిన్న గళ్లు, గోడ మీద పెద్ద గళ్లు. ఈ గడిలో ఏముంటే ఆ గడిలో అది. జాజు, అంటే ఎర్రమన్ను, కలిపిన నీళ్లలో ముంచిన దారాన్ని గోడకు బిగించి పట్టి వేలితో మీటితే ఎర్రటి గీత తిన్నగా పడుతుంది. గోడను ఒకసారి చూస్తే ఎంత రంగు తాగుతుందో చెప్పగలను. మట్టిగోడ ఎక్కువ తాగుతుంది, బండగోడ తక్కువ.

ఎన్నికలప్పుడు పార్టీ గుర్తులు వేసేవాళ్లం. మా సీమలో ఆ పని చేసినవాడికి గోడ అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. ఏ గోడ ఎవరి వర్గానిదో కనుక్కోకుండా కుంచె తీసేవాళ్లం కాదు. తరువాత ఫ్లెక్సీలు వచ్చాయి. నేను రోజంతా రాసే బోర్డును మిషను కాసేపట్లో అచ్చేసి ఇచ్చేది. కోయిలకుంట్లలో కుంచె పట్టినవాళ్లం ఒక్కొక్కరమే వేరే పనులకు పోయాం. నాకు కర్నూలులో ఒక స్వచ్ఛంద సంస్థ పని ఇచ్చింది. వానలు తగ్గిపోతున్న ఊళ్లలో, నీళ్ల సంగతి గోడల మీద బొమ్మలుగా వేయాలి. జీతం తక్కువ, తిరుగుడు ఎక్కువ.

అక్కడ మా పైఅధికారి సుధాకర్ సారు. ఆయన మంచివాడని ముందే రాస్తున్నాను, ఎందుకంటే తరువాత రాసేది చదివి మీరు వేరుగా అనుకోవచ్చు. ఎండలో మాతో పాటు నడిచేవాడు, మేం తిన్నదే తినేవాడు. ఒక్కటే లోపం. ఆయన గోడను ఎప్పుడూ కెమెరాలోంచి చూసేవాడు. కెమెరాలో గోడ వెనక ఉన్న ఇల్లు కనిపించదు.

తాళం వేసిన ఇండ్లు

మొదటి పాఠం కోసిగి వైపు నేర్చుకున్నాను. అక్కడ పంట అయిపోగానే కూలిజనం వలస పోతారు. ఊళ్లో వీధికి వీధే తాళాలు. తాళం వేసిన ఇల్లైతే అడగాల్సిన పని లేదని, అడ్డు చెప్పేవాళ్లు ఉండరని ఆఫీసులో అనుకున్నాం. రోడ్డు పక్కన ఒక మంచి గోడ చూసి పెద్ద బొమ్మ వేశాను. నిండుగా పారే కాలవ, పచ్చటి చేను, కింద ‘వాన నీటిని కాపాడుకుందాం’ అని రాత. సారుకు నచ్చింది.

ఉగాదికి ముందు ఆ ఇంటివాళ్లు తిరిగొచ్చారు. నేను ఆ రోజు అక్కడే, పక్క వీధిలో పని చేస్తున్నాను. ఆ ఇంటాయన నెత్తి మీద మూట దించకుండానే గోడ ముందు నిలబడ్డాడు. మనిషి ఎండి నల్లబడి ఉన్నాడు. చాలాసేపు చూసి నన్ను పిలిచాడు.

“ఏమప్పా, ఇది నువ్వు ఏసిందేనా?”

“అవునప్పా.”

“ఎవురి చేను ఇది?”

“ఎవరిదీ కాదు. ఊరికే బొమ్మ.”

“ఇంత పచ్చంగా ఉండాదే. మాదేనేమో, పొరపాటున ఊరు ఇడిసిపెట్టి పోయినామేమో అనుకున్యా.”

ఆయన భార్య నవ్వింది. “రా మామా, ఆ కాలవలో కాళ్లు కడుక్కుని లోపలికి రా,” అంది. ఆయనా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. వాళ్ల కుండలో నీళ్లు లేవు. ఎదురింటి నుంచి ఒక బిందె తెచ్చుకుని ఆ బొమ్మ కిందే కాళ్లు కడుక్కున్నారు.

కరువు అందరికీ ఒకటే అంటారు. ఒకటి కాదు. వాన తప్పితే పట్నంలో కొళాయి ఒక పూట ఆగుతుంది. ఇక్కడ ఇంటికి తాళం పడుతుంది. ఆ తేడాను వేయని బొమ్మ వేసి లాభం లేదు. అప్పటి నుంచి రెండు నియమాలు పెట్టుకున్నాను. అడగకుండా గోడ ముట్టుకోను. ఆ ఇంటివాళ్లు చెప్పిందే వేస్తాను, అదీ ఉన్నది ఉన్నట్టు, కొలిచి వేస్తాను. రెండో నియమం వల్ల ఏం జరుగుతుందో అప్పుడు నాకు తెలియదు.

పాల నీళ్ల బావి

ఆ ఊరి పేరు రాయను. కోయిలకుంట్లకు దక్షిణంగా, నాపరాళ్ల గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు ఉన్న ఊళ్లలో ఒకటి. బండను నున్నగా రుద్దేటప్పుడు నీళ్లు పోస్తూ ఉంటారు. ఆ నీళ్లు బూడిద తెలుపు బురదై బయటికి వస్తాయి. దాన్ని ఫ్యాక్టరీ వెనక ఉన్న చిన్న వాగులోకి, మా మాటలో వంకలోకి, వదిలేవాళ్లు. వానలు బాగా పడిన కాలంలో వంక పారి బురదను కొట్టుకుపోయేది. వానలు తగ్గాక వంక పారలేదు. బురద అక్కడే పేరుకుని, వంక గట్టున ఉన్న బావిలోకి ఊరింది. కింది వీధి వాళ్లకు తాగే నీళ్లు ఆ ఒక్క బావివే. ఆ వీధి ఆడవాళ్లే ఆ ఫ్యాక్టరీలో బండలు మోసేవాళ్లు.

అందరికంటే ముందు మాట్లాడింది పుల్లమ్మ. నాకంటే పెద్దది, పుల్లక్కా అని పిలిచేవాణ్ణి. భర్త గనిలో పోయాడు. ఒక్కతే ఉండేది. ఆమె ఇంటి గోడ సరిగ్గా ఫ్యాక్టరీ దారికి ఎదురుగా ఉంటుంది.

“నా గోడ మీద ఏయి,” అంది. “మా అత్త ఉన్నప్పుడు ఈ బాయి ఎట్లుండెనో ఒక పక్క, ఇప్పుడు ఎట్లుండాదో ఒక పక్క. ఏయగలవా?”

“వేస్తాను. తెలుపు రంగు తెప్పించాలి.”

“రంగు ఎందుకప్పా,” అంది పక్కింటి ఉసేన్‌బీ. ఆమె ఇంటివాళ్లే ఆ ఊళ్లో పీర్లచావిడి చూసుకునేవాళ్లు. “తెలుపు మాకు ఊరికే వస్తాంది గదా, బిందెల నిండా.”

వంకలో నుంచి గంపతో బురద తెచ్చింది. కొంచెం జిగురు కలిపి గోడకు రాస్తే సున్నం కంటే గట్టిగా పట్టుకుంది. ఎరుపు కోసం జాజు. నీలం ఒక్కటే నేను తెచ్చింది. వీధి వీధంతా వచ్చి గళ్లలో తలా ఒక గడి నింపారు. నేను దారం మీటి గీతలు చూపించాను, అంతే. ఎడమ పక్క నీలం బావి. కుడి పక్క తెల్ల బావి, దానికి పైన బురద వచ్చే వంక, వంకకు పైన ఫ్యాక్టరీ.

ఎవరి పేరూ రాయవద్దని సారు ముందే చెప్పాడు. రాయలేదు. పేరు లేకపోతే ఎవరూ ఏమీ అనలేరని మేమందరం నమ్మాం. కానీ నేను కొలిచి వేసే మనిషిని. ఫ్యాక్టరీ వేయమంటే ఏదో ఒక ఫ్యాక్టరీ వేయడం నాకు చేతకాదు. దారిలో నిలబడి కంటికి కనిపించిన గేటు వేశాను. గేటు కమ్ములు ఎన్ని ఉంటే అన్ని వేశాను. అందులో ఒక కమ్మి విరిగితే తీగతో కట్టి ఉంది. ఆ తీగ కూడా వేశాను.

గేటు కమ్ములు

బొమ్మ అయిన మూడో రోజు, మధ్యాహ్నం ఎండలో, మోటార్ సైకిల్ మీద మద్దిలేటి వచ్చాడు. ఫ్యాక్టరీ ఆసామి పనులు చూసే మనిషి. ఆసామి వాళ్లు మునుపు భూములున్న కుటుంబం, తరువాత బండల వ్యాపారంలోకి వచ్చారు. వాళ్ల పెద్దల కాలంనాటి కథలు ఆ చుట్టుపక్కల ఇప్పటికీ గొంతు తగ్గించే చెప్పుకుంటారు. నేను గోడ కింద కుంచెలు కడుగుతున్నాను. మద్దిలేటి బండి దిగలేదు.

“బొమ్మ శానా బాగుండాది పెయింటరప్పా.”

నేను కుంచెల్లోంచి రంగు పిండుతూనే ఉన్నాను.

“గేటు కమ్ములు గూడా లెక్కబెట్టి ఏసినావే. ఆ తీగె సుట్టింది నేనే. దాన్ని గూడా ఇడిసిపెట్టలేదు నువ్వు.”

“కొలిచి వేయడం అలవాటప్పా.”

“మంచి అలవాటే. ఆసామి గూడా సూసినాడు. కారు నిలిపి సూసినాడు. ఏమీ అన్లేదు.” అతను చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు. “ఆయప్ప అరిస్తే మాకు నిమ్మళం. ఏమీ అనకుంటేనే నాకు అన్నం దిగదు.”

అతని గొంతులో బెదిరింపు ఉంటే నేను తట్టుకునేవాణ్ణేమో. అతనికీ భయంగా ఉంది. అది చూశాక కుంచెలు కడగడం ఆపేశాను.

బండి తిప్పుకుంటూ అన్నాడు: “నువ్వు సాయంత్రం బస్సుకు పోతావు. పుల్లమ్మ యాడికి పోతాది?”

అంతవరకు నేను గోడ ఎంత రంగు తాగుతుందో లెక్క వేశాను కానీ, ఆ రంగు వల్ల ఏమైనా జరిగితే ఎవరి మీద ఎంత పడుతుందో వేయలేదు. బస్సులో కూర్చుని వేశాను. ఆఫీసు మీద ఏమీ లేదు. నా మీద కొంచెం. మిగిలినదంతా ఆ గోడ వెనక పడుకునే మనిషి మీద.

మరుసటి రోజు కర్నూలులో సారుకు చెప్పాను.

“పేరు రాయలేదు కదండీ,” అన్నాడు ఆయన. “మనల్ని ఎవరూ ఏమీ అనలేరు.”

“మనల్ని అనరు సార్.”

ఆయన కొంచెంసేపు ఆగాడు. ఆగాడని రాయకపోతే అన్యాయం. తరువాత అన్నాడు: “వచ్చే నెల బయటి నుంచి పెద్దవాళ్లు చూడడానికి వస్తున్నారు. అంతవరకు ఉండనివ్వండి. ఇంత మంచి బొమ్మ మన దగ్గర ఇంకొకటి లేదు.”

ఇటువంటి పైఅధికారులు మీకూ వస్తారు. వాళ్లతో కొట్లాడాల్సిన పని లేదు. వాళ్లను ఒక రాత్రి ఆ ఇంట్లో ఉండి రమ్మని అడగండి. నాకు అప్పుడు ఆ మాట తోచలేదు.

వారం తిరక్కుండానే ఫ్యాక్టరీలో పుల్లక్కను ఇంక పనికి రావద్దన్నారు. కారణం చెప్పలేదు.

అడిగి చెరుపు

నేను సున్నం తీసుకుని వెళ్లాను. సారుతో చెప్పలేదు. బస్సు దిగి ఆ వీధిలోకి నడిచేటప్పుడు వెనక ఏ బండి చప్పుడు వినిపించినా పక్కకు తప్పుకుని, అది దాటిపోయేదాకా నిలబడ్డాను. గోడ ఇంకా నిలబడి ఉందా, తలుపు ఉందా అని దూరం నుంచే వెతికాను. పుల్లక్క గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. నా చేతిలో సున్నం బకెట్ చూసింది.

“ఏందప్పా అది?”

“చెరిపేస్తానక్కా. మళ్లీ పనికి పిలుస్తారేమో.”

“ఎవురిని అడిగినావు?”

నేను బకెట్ ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాను.

“ఏసేటప్పుడు అడిగి ఏస్తివి. చెరిపేటప్పుడు అడగవా? గోడ నాదే కదా అప్పుడూ ఇప్పుడూ.”

“నీకు భయం లేదా అక్కా?”

“లేదని ఎవురు చెప్పినారు? తలుపుకు రోలు అడ్డం పెట్టుకుని పండుకుంటాండా. కుక్క మొరిగితే లేసి కూర్చుంటాండా.” చేటలో రాయి ఏరి పక్కకు పారేసింది. “ఇప్పుడు నువ్వు సున్నం కొడితే, బెదిరిస్తే చెరుపుతారు అని వాళ్లకు తెలిసిపోతాది. రేపు బాయిలో ఇంకేం పోసినా నేను నోరు తెరిచేకి కాదు. ఉంచితే నన్ను ఉంచరు. నువ్వు లెక్కల మనిషివి గదా. ఈ లెక్క చెప్పు.”

ఎంత ఆలోచించినా ఆ లెక్క నాకు తేలలేదు. బకెట్ కింద పెట్టి అరుగు మీద కూర్చున్నాను. ఉంచినా ఆమెకే, చెరిపినా ఆమెకే.

పీర్ల పండగ ముందు

లెక్క తేల్చింది ఉసేన్‌బీ. తేల్చాలని కూడా ఆమె అనుకోలేదు. మా మాటలు విని తన గుమ్మంలో నుంచే అంది:

“పండగ వస్తాంది. పీర్లు లేచే ముందు వీధంతా సున్నం కొట్టాల్సిందే. పుల్లమ్మా, నీ గోడకు మాత్రం తప్పుతాదా?”

ఆ ఊళ్లో పీర్ల పండగ, అంటే మొహర్రం, అన్ని కులాల వాళ్లదీ. పండగకు ముందు ప్రతి ఇంటికీ సున్నం కొడతారు. ఆరిన తరువాత ఆడవాళ్లు గోడ అడుగున జాజు పట్టీలు తీర్చి, మధ్య మధ్య చుక్కలో పువ్వులో పెడతారు. పండగ సున్నంలో బొమ్మ పోతే అది ఓడిపోయినట్టు కాదు. మద్దిలేటి కూడా దానికోసమే ఎదురు చూస్తున్నాడని తరువాత తెలిసింది. ఎవరి పరువూ పోకుండా గోడ తెల్లబడుతుందని అతని ఆశ.

పుల్లక్క లేచి నిలబడింది. “సున్నం కొడతా,” అంది. “కొట్టినాక ఏం పెట్టాల్నో మాత్రం ఎవురూ చెప్పలేదు గదా.”

“పువ్వులు పెట్టేకి బదులు ఇంకొకటి పెడితే పీరయ్య కోప్పడతాడా ఏంది,” అంది ఉసేన్‌బీ.

వాళ్లు వీధిలో ఇల్లిల్లూ తిరిగారు. అందరూ వెంటనే ఒప్పుకోలేదు. కొందరు తలుపు వేసుకున్నారు. ఒకామె, “నీ పని పాయె, నా పని గూడా పోవాల్నా?” అని ముఖం మీదే అడిగింది. పుల్లక్క ఆ ఇంటి కడవలో చెయ్యి ముంచి, తెల్లబడ్డ చేతిని ఆమెకు చూపించి వచ్చేసింది.

నన్ను గీయనివ్వలేదు. “నువ్వు గీస్తే ఎవురిదో తెలిసిపోతాది,” అంది ఉసేన్‌బీ. ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది.

సున్నం ఆరిన రోజు ఉదయం నేను ఆ వీధి చివర నిలబడి చూశాను. పుల్లక్క గోడ మీద పెద్ద బొమ్మ లేదు. ఫ్యాక్టరీ లేదు, గేటు లేదు. ప్రతి ఇంటి గోడ మీద, పువ్వు ఉండాల్సిన చోట, బావి అంచులా చేతితో గీసిన ఒక గుండ్రం ఉంది. సగం జాజు, సగం వంక బురద. తలుపు వేసుకున్న ఇండ్ల మీదా ఉంది. పుల్లక్క తెల్లబడ్డ చెయ్యి చూసినామె ఇంటి మీద రెండున్నాయి. ఏ బావీ ఇంకో బావిలా లేదు. కొన్ని వంకరగా, కొన్ని కోడిగుడ్డులా. దేన్నీ కొలవలేం. ఎవరు మొదలుపెట్టారో చెప్పలేం.

మద్దిలేటి బండి వీధిలోకి వచ్చింది. అతను మెల్లగా నడుపుతూ ఒక్కో గోడా చూసుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లాడు. తిరిగి వచ్చేటప్పుడు నా పక్కన ఆపాడు.

“ఇది పండగ ముగ్గా, మా మీద ముగ్గా?”

“నేను వేయలేదప్పా. నాకు తెలియదు.”

“ఎవురో ఒకరి పేరు చెప్పాల గదా నేను పోయి.” అతను మళ్లీ వీధి మొత్తం చూశాడు. “ఇంతమందిని మానిపిస్తే బండలు ఎవురు మోస్తారు?” నన్ను అడగలేదు, తనలో తానే అనుకుని వెళ్లిపోయాడు.

భయం పోయిందని రాయను. ఒక గోడ మీద ఉన్నదాన్ని వీధికి భాగిస్తే ఒక్కొక్కరికి మోయగలిగినంత వచ్చింది. నేను ఈ పనిలో చూసిన సరైన లెక్క అదొక్కటే. దాన్ని వేసింది నేను కాదు.

బయటి నుంచి వచ్చిన పెద్దవాళ్లకు చూపించడానికి పెద్ద బొమ్మ లేకపోయింది. సారు నొచ్చుకున్నాడు. ఆ గుండ్రాల ఫోటో ఒకటి తీసుకుని, ఇందులో ఏముందని వాళ్లకు చెప్పాలో నన్నే అడిగాడు.

కొన్ని నెలలకు ఫ్యాక్టరీ వెనక బురద కోసం గుంటలు తవ్వారు. గోడలు చూసి తవ్వారా, ఎవరైనా అధికారి అడిగితే తవ్వారా నాకు తెలియదు. తెలియనిదాన్ని మన బొమ్మ వల్లే అయిందని రాసుకోవడం ఈ పనిలో అందరికీ ఉన్న జబ్బు. మీకు వద్దు. గుంటలు నిండినప్పుడు బురద మళ్లీ వంకలోకే పొర్లేది. పుల్లక్కను తిరిగి పనికి పిలవలేదు. ఆమె పక్క ఊరి ఫ్యాక్టరీకి నడిచి పోయి బండలు మోసింది.

తడి

భుజం పడిపోయి పని మానేశాక కూడా, కడపకు పోయేటప్పుడు నేను ఆ ఊరి మీదుగా పోయే బస్సే ఎక్కుతాను. పండగ రోజుల్లో కిటికీ పక్కన కూర్చుని గోడలు చూసుకుంటాను. బావులు ఉంటాయి. ఏటేటా కొత్తగా పెడతారు.

ఒక ఏడు పుల్లక్క గోడ మాత్రం ఖాళీగా కనిపించింది. తెల్లగా, ఏమీ లేకుండా. మిగతా ఇండ్లన్నిటి మీదా ఉంది. బస్సు ఆపమని అరిచి దిగేశాను. ఆ రోడ్డు నుంచి ఆమె గడప దాకా నడిచిన కొంచెం దూరంలో నేను అనుకోని కీడు లేదు. తలుపు దగ్గరగా వేసి ఉంది. పిలిస్తే పలకలేదు. మళ్లీ పిలిచాను.

ఇంటి వెనక నుంచి వచ్చింది, చేతులకు జాజు.

“ఏమప్పా, ముఖం అట్లుండాది?”

“గోడ మీద ఏమీ లేదు.”

“నిన్న జొరమొచ్చి పండుకుంటి. సున్నం ఈ పొద్దే కొట్టినా. తడి గోడకు జాజు నిలవదని నువ్వే గదా చెప్పింది. ఆరనీ. కూర్చో.”

కూర్చున్నాను. లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. చెంబులోకి వంగి చూశాను. అడుగు కనిపిస్తోంది. అయినా నోటి దగ్గరికి తీసుకెళ్లి ఆగాను.

ఆమె నన్నే చూస్తోంది.

“తాగు,” అంది. “మేమూ దినామూ అట్లే ఆగి తాగుతాండాం.”